ఒకే దెబ్బకు పోని ప్రతులు

జీలకర్ర-బెల్లం పెట్టే క్షణాన్ని రెండోసారి తీయడానికి వీల్లేదు. సినిమా షూటింగులో ఒక టేకు పాడైతే ఇంకో టేకు తీస్తారు. పెళ్ళిలో ముహూర్తం దాటిపోయాక కెమెరా ముందు మిగిలేది నిద్రముఖాల వధూవరులూ, భోజనాల హాలు వైపు నడుస్తున్న బంధువులూ. పెళ్ళి వీడియో ఫుటేజీకి అంత విలువ ఉండటం అందుకే. దాని పరిమాణం కూడా ఇప్పుడు తక్కువేం కాదు. ఫోర్‌కేలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే కెమెరా గంటకు 45 జీబీ నింపుతుంది. నాలుగు కెమెరాలు ఆరేసి గంటలు నడిస్తే 1,080 జీబీ, అంటే ఒక టీబీ పైచిలుకు. పెళ్ళికూతుర్ని చేయడం, సంగీత్, రిసెప్షన్ కలిపితే ఇంకా పెరుగుతుంది. సీజనుకు ముప్పై పెళ్ళిళ్ళు ఒప్పుకునే స్టూడియోలో ఆ సీజను ముగిసేసరికి ముప్పై, నలభై టీబీలు పోగవుతాయి. దీన్నంతా ఎక్కడ దాచాలనే మాట రాగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏ కంపెనీ హార్డ్ డిస్కు మంచిది? డిస్కుల మన్నిక మీద దాదాపు ఇరవై ఏళ్ళుగా పోగుపడ్డ లెక్కలు చూస్తే, ఆ ప్రశ్నకు దొరికే జవాబు వల్ల ఒరిగేది కొంచెమే. ప్రతులు ఎన్ని ఉన్నాయి, ఒకదాన్ని పాడుచేసే కారణం రెండోదాన్ని కూడా అందుకోగలదా అన్న ప్రశ్నల వల్ల ఒరిగేది చాలా ఎక్కువ.

ముందు కంపెనీలు చెప్పుకునే సంఖ్య సంగతి చూద్దాం. పెద్ద డిస్కుల స్పెసిఫికేషన్లలో ‘ఎంటీబీఎఫ్ 10 లక్షల గంటలు’ (రెండు వైఫల్యాల మధ్య సగటు కాలం) అని ఉంటుంది. పది లక్షల గంటలంటే 114 ఏళ్ళు. ఆ డిస్కు మన మునిమనవల పెళ్ళిదాకా నడుస్తుందని దాని అర్థం కాదు. పెద్ద గుంపులో ఏడాదికి 0.88 శాతం డిస్కులు పోతాయని కంపెనీ అంచనా, అంతే. ఆ అంచనా అయినా నిలిచిందా? 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు లక్ష డిస్కుల రికార్డులు తిరగేశారు. ఏడాదిలో మార్చాల్సి వచ్చినవి మామూలుగా 2 నుంచి 4 శాతం దాకా, ఒకటి రెండు చోట్ల ఏకంగా 13 శాతం దాకా ఉన్నాయి. అదే ఏడాది గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల మీద ఇంకో అధ్యయనం వెలువరించారు. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే గమనించుకునే ‘స్మార్ట్’ వ్యవస్థ ఒకటుంటుంది. పోయిన డిస్కుల్లో మూడో వంతుకు పైగా ఆ వ్యవస్థలో ఒక్క హెచ్చరికా లేకుండానే పోయాయని వాళ్ళ లెక్క. డిస్కు శబ్దం చేస్తుందనో, ముందుగా నెమ్మదిస్తుందనో ఎదురుచూసేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. లక్షలాది డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ తన డిస్కుల లెక్కల్ని ఏళ్ళుగా బహిరంగంగా ప్రకటిస్తోంది. 2022లో 1.37 శాతం, 2023లో 1.70 శాతం డిస్కులు పోయాయని ఆ లెక్కలు చెబుతాయి. మోడల్‌కూ మోడల్‌కూ తేడా లేకపోలేదు. కానీ ఒక మోడల్ గట్టిదని అంకెలతో తేలేసరికి నాలుగేళ్ళు గడుస్తాయి, అప్పటికి ఆ మోడల్ దుకాణంలో ఉండదు.

సగటున ఏడాదికి ఒకటిన్నర శాతం అనుకుందాం. వినడానికి చిన్న సంఖ్యే. అదే డిస్కు అయిదేళ్ళు ఉంటే పోయే అవకాశం 7 శాతం దాటుతుంది. స్టూడియో బీరువాలో ఒక్కో పెళ్ళి ఒక్కో డిస్కులో చొప్పున నలభై డిస్కులుంటే, ఏడాదిలో కనీసం ఒకటి పోయే అవకాశం 45 శాతం. ఎవరో ఒక జంట పెళ్ళి మాయమవుతుందా లేదా అన్నది దాదాపు బొమ్మా బొరుసూ అన్నమాట. ఇప్పుడు ఎంతో వెతికి, ఎక్కువ డబ్బు పెట్టి, సగటుకన్నా రెండింతలు గట్టి డిస్కు కొన్నామనుకుందాం. ప్రమాదం సగానికి తగ్గుతుంది. దాని బదులు మామూలు డిస్కే ఇంకొకటి కొని రెండో ప్రతి తీస్తే? రెండూ ఒకే ఏడాది పోయే అవకాశం 1.5 శాతంలో 1.5 శాతం, అంటే సుమారు 4,400లో ఒకటి. మూడో ప్రతి తీస్తే దాదాపు మూడు లక్షల్లో ఒకటి. డిస్కు నాణ్యత పెంచితే ప్రమాదం రెండింతలు తగ్గుతుంటే, ప్రతి పెంచిన ప్రతిసారీ అరవై ఆరింతలు తగ్గుతోంది. ఒకటి పోయిందని తెలిసిన వారంలోనే కొత్త ప్రతి తీసుకుంటే ఈ లెక్క ఇంకా మెరుగవుతుంది.

అయితే ఈ గుణకారం ఒక షరతు మీద నిలబడి ఉంది. రెండు డిస్కుల చావులకూ ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు. నిజజీవితంలో ఆ షరతును మనమే చేజేతులా చెరుపుతాం. ఒకే రోజు ఒకే దుకాణంలో ఒకే మోడల్ డిస్కులు రెండు కొంటాం. తయారీలో లోపం ఉంటే అది రెండింటిలోనూ ఉంటుంది. రెండింటినీ ఒకే కంప్యూటర్‌కు తగిలిస్తాం. కరెంటు ఒక్కసారి హెచ్చి పవర్ సప్లై కాలితే రెండూ కాలతాయి. రెండింటినీ ఒకే బీరువాలో పెడతాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. అలాంటి చోట నేలంతస్తు బీరువాలో ఉన్నవి రెండు ప్రతులైనా పది ప్రతులైనా లెక్కకు ఒక్కటే. దొంగ కూడా మొదటి డిస్కు తీసుకుని రెండోది మర్యాదగా వదిలివెళ్ళడు. ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే ర్యాన్సమ్‌వేర్ అయితే, ఆ నిమిషంలో కంప్యూటర్‌కు తగిలించి ఉన్న ప్రతి డిస్కునూ వరసగా కబళిస్తుంది.

మనిషి చేయి వీటన్నిటికన్నా ప్రమాదం. 1998లో పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ తయారవుతుండగా ఎవరో సర్వర్‌లో అన్నీ తుడిచేసే ఆదేశం ఇచ్చారు. బొమ్మలూ దృశ్యాలూ కళ్ళముందే మాయమైపోయాయి. బ్యాకప్ టేపులు ఉన్నాయి కదా అని వెళ్ళి చూస్తే అవి సరిగా రాయడం మానేసి చాలా రోజులైంది, ఆ సంగతి ఎవరూ గమనించలేదు. చివరికి సినిమాను కాపాడింది సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ గాలిన్ సస్మన్ ఇంట్లో ఉన్న కంప్యూటర్. ఆవిడ చంటిబిడ్డతో ఇంటి నుంచే పనిచేస్తూ ఒక ప్రతి అక్కడ పెట్టుకున్నారు. దాన్ని దుప్పట్లలో చుట్టి కారులో స్టూడియోకు తెచ్చారు. (అంత కష్టపడి దక్కించుకున్న సినిమాను ఆ తర్వాత కథ బాగాలేదని చాలావరకు మళ్ళీ తీశారన్నది వేరే సంగతి.) ఆ ఇంటి కంప్యూటర్ స్టూడియో సర్వర్‌కన్నా గట్టిదేమీ కాదు. వేరే ఇంట్లో, వేరే మనిషి చేతిలో ఉంది కాబట్టి, స్టూడియోలో జరిగిన పొరపాటు దాన్ని అందుకోలేకపోయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. ‘మా దగ్గర రెయిడ్ పెట్టె ఉంది, ఒక డిస్కు పోయినా ఫుటేజీ పోదు’ అని చాలా స్టూడియోల ధీమా. కొన్ని డిస్కుల్ని కలిపి, ఒకటి పోయినా మిగతావి ఆదుకునేలా నడిపే రెయిడ్ మంచిదే. ఎడిటింగ్ మధ్యలో డిస్కు పోయినా పని ఆగదు. కానీ అది కాపాడేది ఒక్క రకం ప్రమాదం నుంచే. ఫోల్డర్ పొరపాటున తుడిచేస్తే రెయిడ్ ఆ తుడుపును కూడా అన్ని డిస్కుల మీదా తుచ తప్పకుండా అమలుచేస్తుంది. పెట్టెలోని కంట్రోలరు పిచ్చెత్తితే అన్ని డిస్కులకూ పిచ్చెత్తుతుంది. పని ఆగకుండా ఉండటం వేరు, ఫుటేజీ పోకుండా ఉండటం వేరు. గూగుల్ వంటి సంస్థకే 2011 ఫిబ్రవరిలో ఇది అనుభవమైంది. సాఫ్ట్‌వేర్‌లో దొర్లిన ఒక తప్పు కొంతమంది జీమెయిల్ ఖాతాల్ని ఖాళీ చేసింది. ఆ ఉత్తరాలకు వేరువేరు డేటా కేంద్రాల్లో ప్రతులున్నాయి, తప్పు వాటినీ ముట్టుకుంది. చివరికి వాటిని తిరిగి ఇచ్చినవి అల్మారాలో, ఏ నెట్‌వర్క్‌కూ తగలకుండా పడి ఉన్న టేపులు. అమెరికా ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం వెనక ఉన్న తర్కం ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. చాలామంది మూడు అన్న అంకె పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తారు. అసలు బలం ఆ రెండింటిలోనే ఉంది.

రెండు రకాల మాధ్యమాలు అన్నాక ఏ మాధ్యమం ఎలా పాడవుతుందో తెలియాలి. హార్డ్ డిస్కులో నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్ళెం మీద, కొద్ది నానోమీటర్ల ఎత్తులో రీడింగ్ హెడ్ తేలుతూ ఉంటుంది. నడుస్తుండగా కింద పడితే హెడ్ పళ్ళేన్ని గీరుతుంది. అయినా అయస్కాంత గుర్తులు మాత్రం ఏళ్ళ తరబడి నిలుస్తాయి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు కాబట్టి అది ఇంకా మన్నుతుందని ఒక నమ్మకం. దెబ్బలకు తట్టుకుంటుంది, నిజమే. పెళ్ళిమండపం నుంచి స్టూడియోకు మోసుకెళ్ళడానికి దాన్ని మించింది లేదు. అల్మారాలో ఏళ్ళపాటు దాచడానికి మాత్రం అది తగదు. ఫ్లాష్ కణాల్లో సమాచారం అంటే అక్కడ చిక్కుకున్న కాసిన్ని ఎలక్ట్రాన్లే. అవి మట్టికుండలో నీళ్ళు చెమర్చినట్టు నెమ్మదిగా బయటికి పోతుంటాయి, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా పోతాయి. ఒక్కో కణంలో మూడు బిట్లు పెడితే ఎనిమిది మట్టాలు, నాలుగు బిట్లు పెడితే పదహారు మట్టాలు వేరుచేసి చదవాలి. మట్టాలు దగ్గరయ్యేకొద్దీ కొంచెం కారినా చదువు తప్పుతుంది. చిప్పులకు ప్రమాణాలు నిర్దేశించే జెడెక్ సంస్థ ప్రకారం మామూలు ఎస్‌ఎస్‌డీ తన రాతల పరిమితి పూర్తిగా వాడేశాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు సమాచారం నిలపగలిగితే చాలు. కొత్త ఎస్‌ఎస్‌డీ అంతకన్నా బాగా ఎక్కువ కాలం నిలుపుతుంది, ఆ సంఖ్య చూసి హడలిపోనక్కర్లేదు. కానీ రెంటచింతలలో మే నెల అల్మారా లోపల 30 డిగ్రీలు ఉండవు కదా.

కార్డులతో, పెన్‌డ్రైవులతో ఇంకో బెడద ఉంది, నకిలీ సరుకు. నమ్మశక్యం కాని ధరకు అమ్మే ‘2 టీబీ’ కార్డులో తరచూ ఉండేది 32 లేదా 64 జీబీ చిప్పే. దాని కంట్రోలరుకు అబద్ధం చెప్పడం నేర్పి ఉంటారు. ఉన్న చోటు నిండాక అది ఆగదు. మొదటికి వచ్చి పాత ఫైళ్ళ మీదే రాస్తూ పోతుంది. ఫైళ్ళ పేర్లు, సైజులు అన్నీ కనిపిస్తాయి, తెరిస్తే ఆడవు. కొత్త కార్డును మొదటి పెళ్ళికి పట్టుకెళ్ళేముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చివరిదాకా నింపి, తిరిగి చదివించి చూడాలి. బ్లూరే డిస్కుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సోనీ 2025 ఫిబ్రవరిలో రికార్డింగు డిస్కుల తయారీ ఆపేసింది, పైగా ఒక టీబీకి 100 జీబీ డిస్కులు పది కావాలి. మిగిలింది ఎల్‌టీఓ టేపు. 2021లో వచ్చిన తొమ్మిదో తరం క్యాసెట్టు ఒక్కటి 18 టీబీ పడుతుంది, సరిగా దాస్తే ముప్పై ఏళ్ళు నిలుస్తుందని తయారీదారుల మాట. డ్రైవు ధర మాత్రం లక్షల్లో. ఎనిమిది, తొమ్మిది తరాల డ్రైవులు తమకు ముందున్న ఒక్క తరాన్ని మాత్రమే చదువుతాయి. కాబట్టి ముప్పై ఏళ్ళు బతికిన టేపును చదివే యంత్రం అప్పటికి ఉంటుందా అన్నది టేపు మన్నికకన్నా పెద్ద ప్రశ్న. వందల టీబీలున్న సంస్థకు టేపు లాభమే. చిన్న స్టూడియోకు వేర్వేరు కంపెనీల హార్డ్ డిస్కులే దారి. అయిదారేళ్ళకోసారి కొత్త డిస్కుల్లోకి మార్చుకుంటూ పోవాలి.

ఇంతవరకూ డిస్కు మొత్తంగా పోవడం గురించే మాట్లాడుకున్నాం. డిస్కు బతికే ఉండి, లోపలి ఫైలు చెడిపోవడం ఇంకా మోసకరం. 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం నెట్‌యాప్ సంస్థ నిల్వ వ్యవస్థల్లోని 15.3 లక్షల డిస్కుల్ని 41 నెలలపాటు గమనించింది. రాసినదానికీ చదివినదానికీ పొంతన కుదరని సందర్భాలు 4 లక్షలకు పైగా బయటపడ్డాయి. వీడియోకు ఈ జబ్బు మరీ కీడు. ఇప్పటి కెమెరాలు ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచవు. ఒక ఫ్రేము పూర్తిగా దాచి, తర్వాతి వాటిలో మారిన భాగాల్ని మాత్రమే రాసుకుంటాయి. ఒక్క బిట్టు తిరగబడితే ఆ మచ్చ ఆ ఫ్రేముతో ఆగదు, మళ్ళీ పూర్తి ఫ్రేము వచ్చేదాకా బొమ్మ చెదిరిపోతూనే ఉంటుంది. ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటుంటుంది. దెబ్బ దానికి తగిలితే లోపలి బొమ్మలన్నీ క్షేమంగా ఉన్నా ఫైలు అసలు తెరుచుకోదు. రికార్డింగు ఆపకముందే బ్యాటరీ అయిపోయిన క్లిప్పులు ఆడకపోవడానికి కూడా కారణం ఇదే. కెమెరా ఆ సూచికను చివర్లో రాస్తుంది.

దీనికి విరుగుడు చెక్‌సమ్. ఇరవై జీబీల ఫైలునంతా ఒక గణిత ప్రక్రియ గుండా పంపితే చివరికి ముప్పై రెండు అక్షరాల గుర్తు ఒకటి వస్తుంది, ఎండీ5 పద్ధతి అయితే. ఫైలులో ఎక్కడో ఒక్క బిట్టు మారినా ఆ గుర్తు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కార్డులోని ఫైలుకు ఒకసారి, డిస్కులో పడిన ఫైలుకు ఒకసారి లెక్కగట్టి రెండూ సరిపోలితేనే కాపీ అయినట్టు. మామూలు కాపీ-పేస్టు ఈ పని చేయదు. టెరాకాపీలో ‘వెరిఫై’ పెట్టుకుంటే చేస్తుంది; చాలామంది ఎడిటర్ల దగ్గర ఎలాగూ ఉండే డావిన్చీ రిజాల్వ్‌లో క్లోన్ టూల్ చేస్తుంది. ఇది ఇంకో పెద్ద పొరపాటును కూడా పట్టుకుంటుంది. ఒకే కంపెనీ కెమెరాలు రెండుంటే రెండింటిలోనూ మొదటి క్లిప్పు పేరు ‘సీ0001’ కావచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి రెండు కార్డులూ ఒకే ఫోల్డర్‌లోకి లాగితే కంప్యూటర్ ‘ఉన్నదాని మీద రాయనా?’ అని అడుగుతుంది. నిద్రమత్తులో వేలు ‘అవును’ మీద పడితే మొదటి కెమెరా క్లిప్పు అక్కడితో సరి. కార్డుకో ఫోల్డరు, ఫోల్డరుకు కెమెరా పేరూ తేదీ, వేర్వేరు డిస్కుల్లో రెండు సరిచూసిన ప్రతులు పడేదాకా కార్డు ఫార్మాట్ చేయకపోవడం: ఏ ఖరీదైన డిస్కూ ఇవ్వని భద్రత ఈ అలవాటులో ఉంది. దీన్ని విసుగనే అంటారు. నిజమే, విసుగే, ఒక టీబీ సరిచూడటానికి గంటలు పడుతుంది. కానీ ఆ గంటల్లో కంప్యూటర్ పనిచేస్తుంది, మనిషి పడుకోవచ్చు.

క్లౌడ్ ఉండగా ఈ తంటాలెందుకని మరో అభ్యంతరం. దూరంగా ఉండే ప్రతిగా క్లౌడ్ మంచి ఎంపికే, కాలిక్యులేటర్ తీస్తేనే చిక్కు. అప్‌లోడ్ వేగం నిజంగా 50 మెగాబిట్లు ఉన్నా ఒక టీబీ ఎక్కడానికి 44 గంటలకు పైగా, అంటే దాదాపు రెండు రోజులు పడుతుంది. మూఢం వెళ్ళాక వరస ముహూర్తాల్లో రోజుకో పెళ్ళి ఉన్న స్టూడియోకు ఆ వరస ఎప్పటికీ తరగదు. యూట్యూబులో ప్రైవేటుగా పెట్టుకున్నాం అనేవాళ్ళున్నారు. అక్కడికి వెళ్ళిన వీడియోను మళ్ళీ కుదించి దాస్తారు, అది ఎడిటింగుకు పనికొచ్చే ప్రతి కాదు. ఫోల్డర్‌ను ఎప్పటికప్పుడు క్లౌడ్‌తో సరిసమానం చేసే సింక్ కూడా బ్యాకప్ కాదు. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడుస్తుంది. ఇంతకీ క్లౌడ్ అన్నదీ ఎక్కడో ఒక భవనమే. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకుని, ఉద్యోగులు తమ ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్ మొత్తం, 858 టీబీ, కాలిపోయింది. బయట ఎక్కడా దానికి ప్రతి లేదు. సమాచారం మరీ పెద్దది కావడంతో బయట ప్రతి ఉంచలేకపోయామని అధికారులు చెప్పుకున్నారు. ముప్పై టీబీల స్టూడియో చెప్పే సాకు కూడా అచ్చం ఇదే.

ఖర్చు మాట మాత్రం సాకు అని కొట్టిపారేయలేం. మూడు ప్రతులంటే నిల్వ ఖర్చు మూడింతలు, చిన్న ఊళ్ళో పెళ్ళికి ముప్పై వేలు తీసుకునే వ్యక్తికి అది భారమే. అందుకు దారి తక్కువ ప్రతులు తీయడం కాదు, తక్కువ కాలం ఉంచడం. ఎడిట్ పూర్తయి ఆల్బమూ వీడియోలూ అందాక రా ఫుటేజీ ఎన్ని నెలలు ఉంచుతామో ఒప్పందంలోనే రాసి, గడువు ముందు కబురుపెట్టి, ఆ తర్వాత తుడిచేయడంలో తప్పులేదు. తెలిసి తుడవడం వేరు, తెలియక తుడవడం వేరు. చంద్రుడి మీద తొలి అడుగు దృశ్యాలు అపోలో 11 నుంచి మంచి నాణ్యతతో నేరుగా వచ్చి రికార్డయిన టేపుల కోసం నాసా ఏళ్ళపాటు వెతికి, టేపుల కొరత ఉన్న రోజుల్లో వాటిని మిగతా వాటితో కలిపి తుడిచి మళ్ళీ వాడి ఉంటారని 2009లో తేల్చింది. ఆ టేపులు చెడిపోలేదు. వాటిలో ఏముందో, అది ఎవరికి కావాలో రాసిపెట్టినవాళ్ళు లేరు. ఈనాడు మనం చూస్తున్నది ప్రసార సంస్థల దగ్గర మిగిలిన ప్రతుల నుంచి బాగుచేసుకున్నది.

పెళ్ళి ఫుటేజీకి మూడో ప్రతి దాచడానికి, క్లౌడ్ కిరాయి లేకుండా, ఒక చోటు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: పెళ్ళివారి ఇల్లు. వధూవరులు నెల తిరగకుండా డాలస్‌కో మెల్‌బోర్న్‌కో విమానం ఎక్కేవాళ్ళయితే వేల మైళ్ళ దూరం ఉచితంగా వస్తుంది. విజయవాడ వరదా, స్టూడియో కరెంటూ అక్కడిదాకా వెళ్ళవు. రా ఫుటేజీ ఇవ్వడానికి చాలామంది వీడియోగ్రాఫర్లు ఒప్పుకోరు. బ్యాలెన్సు డబ్బు ఎగ్గొడతారనో, వేరే ఎడిటర్ చేతిలో పెట్టి పేరు చెడగొడతారనో భయం. మొదటి భయానికి లెక్కలు తేలాకే డిస్కు చేతికివ్వడం జవాబు. రెండో భయానికి పూర్తి జవాబు లేదు, కానీ అది ఫుటేజీ పూర్తిగా పోవడం కన్నా చిన్న నష్టం. ఇచ్చే డిస్కు పెళ్ళివారి చేతే కొనిపిస్తే అది స్టూడియో డిస్కులతో పాటు ఒకే లాటులో వచ్చినది కాకుండా పోతుంది. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ తెరుచుకునేలా ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, ఫోల్డర్లతో పాటు చెక్‌సమ్‌ల జాబితా ఫైలు కూడా అందులో పెట్టి, ఏడాదికోసారి తగిలించి చూడమని చెప్పి ఇవ్వాలి. మూడేళ్ళ తర్వాత ఏ క్లిప్పయినా తెరుచుకోకపోతే, చెడింది ఎవరి ప్రతో ఆ జాబితా నిమిషాల్లో చెబుతుంది, రెండో వైపు నుంచి ఆ ఒక్క ఫైలు పంపుకుంటే సరిపోతుంది.